గడియ మీద చెయ్యి

నా చిన్నప్పుడు మా నాయనమ్మను "సెల్లీ" అని పిలిచి, వీపు విమానం మోత మోగకుండా బయటపడే రోజు ఏడాదికి ఒక్కటే ఉండేది. ఎండాకాలంలో వచ్చే ఆ రోజు ఆవిడ పొద్దున్నే ముందుగదిలోకి వెళ్లి, కిటికీ మూసి, తలుపు గడియ వేసుకునేది. మిట్టమధ్యాహ్నం ఇంట్లోవాళ్లు ఒకరు మూడుసార్లు తలుపు కొట్టి, "తలుపు తియ్యవే సెల్లీ" అనాలి. అప్పుడు తీసి, కొట్టినవాళ్లకు చెంబుడు నీళ్లిచ్చేది. ఎందుకో ఎవరూ చెప్పేవారు కాదు. కంచరపాలెంలో మా వీధిలో సగం ఇళ్లు రంగూన్ నుంచి తిరిగొచ్చినవాళ్లవే. అక్కడి టేకు ఇళ్ల గురించీ, గొడుగుల గురించీ గంటలకొద్దీ చెప్పేవారు. ఆ రోజు మాటెత్తితే మాత్రం అందరికీ ఒకేసారి పని గుర్తొచ్చేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు తలుపు కొట్టే పని నాకప్పగించి అమ్మా నాన్నా పనికి పోయారు. బడికి అప్పటికే దణ్ణం పెట్టేశాను కనక ఇంట్లో ఖాళీగా ఉన్నది నేనే. కొట్టకపోతే ఎంతసేపుంటుందో చూద్దామని నాకో తెలివి పుట్టింది. అరుగు మీద కూర్చుని గవ్వలాడుకున్నాను. మధ్యాహ్నం దాటింది. మాది రేకుల ఇల్లు, పెనంలా కాలుతోంది. లోపల అలికిడి లేదు. నవ్వు ఆపుకుంటూ కిటికీ చెక్క సందులోంచి చూశాను. నాయనమ్మ గడియ మీద చెయ్యి వేసి, తలుపుకు చెవి ఆనించి నిలబడి ఉంది. తనే వేసుకున్న గడియ. వేలు కదిపితే చాలు. కదపడం లేదు.

నా నవ్వు ఎటు పోయిందో. వెళ్లి మూడుసార్లు కొట్టి, పిలిచాను.

తలుపు తెరుచుకుంది. చీరంతా చెమటకు తడిసిపోయి ఉంది. కొడుతుందనుకున్నాను. ముందు నీళ్లిచ్చింది. నేను తాగాక చెప్పింది.

"రంగూన్ రేవుకాడ పని గురించి బర్మావోల్లకీ మనకీ తగువొచ్చి, మనోల్లని దొరికినోల్లని దొరికినట్టు నరికేసినారే. ఇరవైమందిమి గోదాంలో దాగున్నాం. గెడకాడ నాను కూకున్నాను. పక్కింటి అక్క వొచ్చి మూడుసార్లు కొట్టింది. తలుపు తియ్యవే సెల్లీ అంది. ఎనకాల కత్తులోల్లు తరుముకొస్తన్నారు. తీత్తే అందరం పోతామన్నారు లోపలోల్లు. నాను తియ్యలేదు."

"ఇంకెప్పుడూ సరదాకి సెయ్యనే" అని ఏడ్చాను.

"కొడితే ఏటి సెయ్యాలో ఇప్పుడు నాకు తెలుసును. కొట్టడం ఆగిపోయినాక ఏటి సెయ్యాలో ఇప్పటికీ తెలీదు. ఇయ్యాల నువ్వు నన్ను మళ్లా అక్కడికే తోలేసినావు."

నాకిప్పుడు డెబ్బై దాటాయి. మా రేవు చుట్టూ ఎన్నో బోర్డులున్నాయి గానీ, ఆ తలుపు బయట మిగిలిపోయినవాళ్ల పేరు చెప్పేది ఒక్కటీ నా కంటపడలేదు. నేనంటే చదువుకోలేదు. చదువుకున్న మనవరాలి పుస్తకాల్లోనూ లేదట. "అయితే మనిద్దరిదీ ఒకే క్లాసు" అన్నాను.

ముందుగదిలో కూర్చునే వంతు ఇప్పుడు నాది. కిందటేడు తలుపు కొట్టాల్సిన మనవరాలు మద్దిలపాలెం నుంచి ఫోన్ చేసింది.

"బస్సు ఇరుక్కుపోయింది అమ్మమ్మా. ఫోన్లోనే కొట్టీనా?"

"మరి నీళ్లు కూడా ఫోన్లోనే పొయ్యమంటావేటి? వొచ్చి కొట్టు."

"లేటవుద్ది. ఈలోగా బయటికొచ్చి కూకోరాదా."

బయటికి రావడం నా చేతిలో లేదని దానికెలా చెప్పను? ఫోన్ పక్కన పెట్టి, గడియ మీద చెయ్యి వేసి, చెవి తలుపుకు ఆనించాను.