మూడోసారి అడగని కేఫ్

అమెరికాలో, ట్రాయ్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్న వేసవిలో, ఒకరోజు మిషిగన్ ఉత్తరానికి వెళ్తూ చెర్రీ తోటల మధ్య ఒక చిన్న కేఫ్ దగ్గర ఆగాం. శాండ్‌విచ్‌లు తిన్నాక వడ్డించే ఆవిడ వచ్చింది. పొద్దున తానే చేసిన "చెర్రీ పై", అంటే చెర్రీపళ్లు కూరి కాల్చిన తీపి వంటకం, ఒక్క ముక్కే మిగిలిందట, కావాలా అని నన్నడిగింది.

కళ్లన్నీ దానిమీదే ఉన్నా "నో, నో" అన్నాను. మా తెనాలిలో అలా అంటే ఇంకోసారి అడగమని. రెండోసారీ వద్దని చెయ్యి అడ్డం పెడితే, వేళ్ల సందుల్లోంచయినా విస్తట్లో పడుతుంది. ఆవిడ మాత్రం "ఓకే, హనీ" అని నవ్వి, పక్క బల్ల దగ్గరున్న ముసలి రైతుకి ఇచ్చేసింది.

"నో అన్నావ్ కదమ్మా" అంది మా అమ్మాయి.

"అంటే మాత్రం, ఒక్కసారేనా అడిగేది?"

రైతు నా మొహం చూశాడేమో, సగం తీసుకోమంటూ ప్లేటు నావైపు జరిపాడు. పాడు అలవాటు, మళ్లీ "నో, నో" అనేశాను. ఆయన తలూపి, తీరిగ్గా మొత్తం తినేశాడు.

తిరుగు ప్రయాణంలో పట్టుబట్టి అక్కడే కారు ఆపించాను. ఈసారి నా ముక్క నాకు దక్కింది. సగం తిని, ఫోర్కు పక్కన పెట్టి మంచినీళ్లు తాగుతుంటే ఆవిడ మళ్లీ వచ్చి ఏదో అడగబోయింది. ఇక మొహమాటపడేది లేదనుకుని, మాట పూర్తికాకముందే "యెస్, యెస్" అన్నాను.

ఆవిడ అడగబోయింది, ప్లేటు తీసేయనా అని. తీసేసింది.