లచ్చమ్మ బిడ్డ వెంట్రుకలు

రామచంద్రం, బాగున్నావా? జవాబు ఆలస్యమైంది, కోపం తెచ్చుకోకు. పెళ్లిళ్ల రోజులు కదా, సవరాల గిరాకీతో ఊపిరి సలపలేదు. ఈ రోజు జరిగింది మాత్రం నీకు చెప్పకుండా ఉండలేను.

ఇక్కడ దేవరకొండలో ఆడవాళ్లు తల దువ్వినప్పుడు రాలిన వెంట్రుకలను గోడ సందుల్లో దాచి నాకిస్తారు. బదులుగా నేను పిన్నులో, రిబ్బన్లో ఇచ్చి, ఆ వెంట్రుకలతో సవరాలు కడతాను. మొన్న సాలోళ్ల ఇంటి ముసలమ్మ ఒక ఉండ ఇచ్చి దువ్వెన పట్టుకెళ్లింది. ఈ పొద్దున ఆమె కోడలు లచ్చమ్మ ఉరుక్కుంటూ వచ్చింది.

"అన్నా, మా అత్త తెల్వక ఇచ్చింది. అమ్మోరు పోసి సచ్చిపోయిన నా బిడ్డ ఎంటికలు గవి. జర వాపసియ్యి, నీ కాల్మొక్త."

అప్పటికే అన్నీ కలిపి, కుంకుడుకాయలతో కడిగి ఆరబెట్టాను. బుట్ట తెచ్చి ఆమె ముందు పెట్టాను. ఒక్కో పాయా తీసి వాసన చూసింది.

"నా బిడ్డ తల ఆముదం వాసనొచ్చేది. గిప్పుడు అన్నీ ఒక్క తీరే ఉన్నయన్నా."

చాలాసేపటికి సన్నని పాయ ఒకటి పట్టుకుని నా ముఖంలోకి చూసింది. "గిదేనా?"

"గదే చెల్లె. నీ బిడ్డదే."

కళ్లకద్దుకుని, కొంగున ముడేసుకుని వెళ్లింది.

అది ఎవరిదో నాకు తెలియదు, రామచంద్రం. నువ్వయితే ఏం చెప్పేవాడివి? ఉత్తరంలో వద్దు, ఎదురుగా కూర్చుని చెప్పు. ఎప్పుడొస్తావు?