నాలుగు మెట్లు కింద

మేస్టారు నాకు మూడు ప్రోగ్రాములు ఇచ్చారు. నచ్చితే ట్రూపులో ఉంచుకుంటారు, లేకపోతే లేదు. మా బందరులో ఆయన ఆర్కెస్ట్రాకి మంచి పేరు. అంతకు ముందు పాడే అక్క పెళ్ళి చేసుకుని విశాఖపట్నం వెళ్ళిపోవడంతో వాళ్ళకి ఆడగొంతు కావలసివచ్చింది. గుడివాడ నుంచి ఇంకో అమ్మాయి కూడా అడిగిందనీ, బాగా పాడుతుందనీ ఆయన మొదటిరోజే నా మొహం మీద చెప్పేశారు. ఆయనకి దాచుకోవడం రాదు. నాకు మరిచిపోవడం రాదు. ఆ గుడివాడ అమ్మాయిని కళ్ళతో చూడకుండానే ఆవిడ మీద బోలెడంత కోపం పెంచుకున్నాను.

అప్పుడు నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. నా పాటంతా ఫోన్‌లో నేర్చుకున్నదే. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ట్రాక్ మోగుతుంటే దాని వెంట పాడి, రికార్డు చేసి పెట్టేదాన్ని. లైకులు బాగానే వచ్చేవి. నేనూ గాయనినే అనుకుని కాలర్ ఎగరేసేదాన్ని. రిహార్సల్‌కని మేస్టారింటి మేడ ఎక్కిన రోజు, కీబోర్డ్ వాయించే బాబాయ్ వేసిన మొదటి ప్రశ్నకే నా గాలంతా తీసేసినట్టయింది.

"నీ శ్రుతి ఎంతమ్మా?"

"రికార్డులో ఎంతుంటే అంతేనండీ," అన్నాను ధీమాగా.

ఢోలక్ వాయించే భాయ్‌గారు తల వంచుకుని నవ్వుకున్నారు. ప్రతి గొంతుకీ సొంత శ్రుతి ఒకటుంటుందనీ, అది ఏ మెట్టు మీద హాయిగా నిలబడుతుందో చూసుకుని పాట మొత్తాన్ని అక్కడికి జరుపుకుంటారనీ నాకు తెలియదు. రికార్డులో పాడినావిడ శ్రుతి ఆవిడది. నేను ఆవిడ చెప్పులేసుకుని నడుస్తున్నానన్నమాట. అయితే ఆ సంగతి తెలిశాక కూడా, నాకు కాస్త తగ్గించండి అని అడగలేదు. దానికి వేరే కారణం ఉంది.

నా అసలు గొంతు లావు. హైస్కూల్లో ఉండగా ఇంట్లో ఫోనెత్తితే అవతలివాళ్ళు, బాబూ, అమ్మ ఉందా అని అడిగేవాళ్ళు. క్లాసులో ఆడపిల్లలే నన్ను బావా అని పిలిచేవాళ్ళు. అమ్మ పెడనలో కలంకారీ అద్దకం షెడ్డులో పనిచేస్తుంది. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఈ గొంతేమిటంటారని ఆవిడ దిగులు. కాస్త సన్నగా మాట్లాడవే అని చెప్పీ చెప్పీ నాకు అదే అలవాటు చేసింది. పాట కూడా అలాగే సన్నగా, ఊపిరి బిగపట్టి పాడేదాన్ని. శ్రుతి దించితే ఆ లావు గొంతు బయటపడుతుంది, మైకులో ఊరంతా వింటుంది. నా భయం అదీ.

మొదటి ప్రోగ్రాం గుడివాడలో పెళ్ళి రిసెప్షన్. అమ్మ షెడ్డుకి సెలవు పెట్టి, ఒళ్ళో పులిహోర డబ్బాతో వ్యానులో నా పక్కన కూర్చుని వచ్చింది. రెండో చరణంలో పైకి వెళ్ళేచోట నా గొంతు చీలిపోయింది. స్టేజి మీదే చచ్చిపోవాలనిపించింది. తీరా చూస్తే ఒక్కరూ మా వైపు చూడటం లేదు. ఆ రోజు మటన్ బిర్యానీ చాలా బాగా కుదిరిందట. గొంతు చీలినందుకు ఏడవాలో, చీలినా ఎవరికీ పట్టనందుకు ఏడవాలో తెలియలేదు. కానీ నా వెనకాల వాయిస్తున్నవాళ్ళకి వినపడింది. వాళ్ళకి వినపడకుండా ఏదీ పాడలేం.

రెండోది బందరులోనే, ఒక బట్టల కొట్టు ప్రారంభోత్సవం. ఈసారి తెలివి ఉపయోగించాను. పైకి వెళ్ళేచోటు రాగానే మైకు కాస్త దూరం జరిపి, సగం మింగేశాను. గట్టెక్కాననుకున్నాను. సామాన్లు సర్దుతుంటే మేస్టారు దగ్గరికొచ్చి, మైకు దూరం పెట్టుకుని ఎన్నాళ్ళు పాడతావమ్మా అని మాత్రం అడిగారు. కోప్పడి ఉంటే బాగుండేది. ఉంచుకుందామనుకున్నవాళ్ళ మీదే ఎవరైనా కోప్పడతారు.

ఇంటికి వెళ్ళి చాలాసేపు ఏడ్చాను. ట్రూపులోంచి పోతే నాకు పోయేది స్టేజీ, చప్పట్లూ కాదు. ఫోన్‌లో ట్రాక్ నా కోసం ఆగదు. నేను ఊపిరి తీసుకోలేకపోయినా అది తన దారిన తాను పోతుంది. భాయ్‌గారు అలా కాదు. నేను ఎక్కడ ఊపిరి అందక తడబడతానో రెండు రిహార్సళ్ళలోనే పట్టేశారు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి చేతిని రవ్వంత నిదానించేవారు. నా కోసం ఒక మనిషి ఆగుతున్నాడని పాడుతూ పాడుతూ తెలిసేది. వ్యానులో ఒకరినొకరు ఏడిపించుకోవడం, దారిలో ఏ ఊళ్ళో టీ బాగుంటుందని దెబ్బలాడుకోవడం, ఇవన్నీ నాకు అలవాటైపోయాయి. మళ్ళీ ఇయర్‌ఫోన్ల లోపలికి వెళ్ళి పాడుకోవడం నా వల్ల కాదనిపించింది.

మూడోది దివిసీమలో, నాగాయలంక దగ్గర ఓణీల ఫంక్షన్. మధ్యాహ్నం భోజనాల వేళకి ప్రోగ్రాం. చల్లపల్లి, మోపిదేవి మీదుగా వెళ్ళాం. అవనిగడ్డ దాటాక వరిచేలు పలచబడి రొయ్యల చెరువులు మొదలయ్యాయి. మేస్టారికి జలుబు పట్టింది. దారంతా ఫ్లాస్కులో వేడినీళ్ళు తాగుతూనే ఉన్నారు. ఈసారీ అమ్మ నా పక్కనే కూర్చుని వచ్చింది.

మేస్టారు తన పాటకి ముందు బాబాయ్ వైపు వంగి, గొంతు పట్టేసిందిరా, నాలుగు మెట్లు దించు అన్నారు. కీబోర్డులో దానికో బటన్ ఉంటుంది. అది నొక్కితే వేళ్ళు ఎప్పుడూ ఆడేచోటే ఆడతాయి, పలకడం మాత్రం కింది శ్రుతిలో పలుకుతుంది. బాబాయ్ నొక్కాడు. మేస్టారు ఎలాగో పాడి గట్టెక్కారు. తర్వాత పాట నాది. బాబాయ్ ఆ బటన్ సంగతి మరిచిపోయాడు.

ముందు వచ్చే మ్యూజిక్ మొదలవగానే ఏదో తేడా కొట్టింది. వెనక్కి తిరిగి చూశాను. బాబాయ్ వాయిస్తూనే ఎవరికో టీ తెమ్మని తలతో సైగ చేస్తున్నాడు. పల్లవి వచ్చేసింది. మొదలైన పాట ఆపకూడదన్నది మేస్టారి మొదటి నియమం. నాకు ఒళ్ళు మండిపోయింది. నా ఆఖరి ఛాన్సులోనే ఇలా చెయ్యాలా, ఆ గుడివాడ అమ్మాయి ఈయన చుట్టమేమో అని కూడా అనుకున్నాను. ఆ మంటలోనే నోరు తెరిచాను.

సన్నగా పాడదామన్నా అక్కడ సన్న గొంతు లేదు. అంత కింద నాకున్నది నా లావు గొంతొక్కటే. అదే వచ్చింది. టెంటు నాలుగు మూలలా బాక్సుల్లోంచి అది వినపడుతుంటే మొదటి లైను మొత్తం సిగ్గుతో తల దించుకునే పాడాను. వెనక కుర్చీల్లో ఎవరో నవ్వారు కూడా. రెండో లైనుకి, నేను ఊపిరి బిగపట్టకుండా పాడుతున్నానని తెలిసింది. భాయ్‌గారు తలెత్తి నన్ను చూసి, ఢోలక్ మీద దెబ్బ బరువు పెంచారు. గుడివాడలో చీలిపోయిన చోటు వచ్చింది. గొంతు అక్కడికి వెళ్ళి నిలబడింది, ఇంకా పైకి వెళ్ళగలనంది. ఎదురుగా పూలజడ బరువుకి తల వంచుకుని కూర్చున్న ఓణీల పిల్ల, తలెత్తి నా కళ్ళలోకే చూసింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పాట ఆపలేదు.

పాటయ్యాక చప్పట్లు మామూలుగానే కొట్టారు. పిల్ల నాయనమ్మ మాత్రం మనిషిని పంపి ఆ పాటే మళ్ళీ పాడమంది. బాబాయ్‌కి అప్పుడు వెలిగింది. నాలిక్కరుచుకుని బటన్ మీదికి చెయ్యి పోనిచ్చాడు.

"వద్దు బాబాయ్. అక్కడే ఉంచండి."

చేతిలో మైకు ఆన్‌లోనే ఉందని చూసుకోలేదు. ఆ మాట టెంటంతా వినపడి అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

భోజనాల దగ్గర ఒకావిడ అమ్మని, ఇందాక పాడింది మీ అమ్మాయేనా అండీ అని అడిగింది. అమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. ఏదో సర్దిచెబుతుందనుకుని నేను విస్తట్లోకి చూస్తూ కూర్చున్నాను.

"మా అమ్మాయేనండీ. దాని గొంతే అంత," అంది అమ్మ. అని, వడ్డించే అబ్బాయిని పిలిచి నాకు ఇంకో బూరె వేయించింది.

తిరుగుప్రయాణంలో మేస్టారు ముందు సీట్లో కూర్చున్నారు. నచ్చిందనీ చెప్పలేదు, లేదనీ చెప్పలేదు. నాకు అడిగే ధైర్యం లేదు. పులిగడ్డ దాటాక ఫోన్ తీసి ఎవరికో చేశారు.

"అమ్మా, నేను బందరు మేస్టారిని. రేపు రిహార్సల్‌కి రమ్మని పొద్దున చెప్పాను కదా... రావద్దమ్మా. నీ పాటలో ఏ లోపమూ లేదు, గుడివాడలో వేరేవాళ్ళకి నేనే చెబుతాను. మాకు అమ్మాయి ఉంది."

పొద్దున చెప్పారంటే, మేము బయల్దేరకముందే నన్ను వద్దనుకున్నారన్నమాట. అది అర్థం కావడానికి నాకు కాస్త సేపు పట్టింది. అవతల ఆ అమ్మాయి ఏమందో వినపడలేదు గానీ, మేస్టారు చాలాసేపు అలాగే ఊఁ కొడుతూ విన్నారు. అంతకాలం తిట్టుకున్న మనిషి మీద నాకు మొదటిసారి జాలేసింది. జాలి వేస్తూనే ఉంది, సంతోషం మాత్రం ఆగలేదు. ఫోన్ పెట్టేశాక ఆయన వెనక్కి తిరగకుండానే, రేపు పదింటికల్లా మేడ మీద ఉండాలమ్మా అన్నారు.