అక్క ఫోనూ, నాంపల్లి ఇంటి రేడియో

పోయిన వారం అబిడ్స్‌లో ఒక ఫోన్ల దుకాణంలో, అద్దాల బల్ల మీద వరసగా నిలబెట్టిన ఫోన్లలోంచి ఒకటి చేతిలోకి తీసుకుని, బరువు చూసి, నా అలవాటు కొద్దీ దాని వీపు మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టాను. డొల్లగా మోగింది. ఆ మోతేమిటా అని నేను దాన్ని తిప్పి చూస్తూంటే, అమ్మే అబ్బాయి నవ్వు ఆపుకుంటూ, "అది డమ్మీ ఆంటీ. లోపట ఏం ఉండదు. ఊకె చూస్తందుకు పెట్టినం," అన్నాడు. నాకు కలిగిన రోత ఇంతా అంతా కాదు. కొబ్బరికాయ కొన్నా, కుండ కొన్నా, స్టీలు గిన్నె కొన్నా కొట్టి మోత విని గాని సంచిలో వేసుకోని తరం మనది. అలాంటి మన చేతికి, అంత పెద్ద దుకాణం పెట్టుకుని, పట్టపగలు అన్ని దీపాలు వెలిగించుకుని, ఉత్త ప్లాస్టిక్కు ముక్కను అందించి ఇదే ఫోననుకోమంటారా అని ఒళ్ళు మండిపోయింది.

నేను వెళ్ళింది నా కోసం కాదు, మా అక్క కోసం. అక్క కాచిగూడలో కొడుకు, కోడలి దగ్గర ఉంటుంది, నేను బషీర్‌బాగ్‌లో ఉంటాను. అక్కకు చిన్నప్పటి నుంచీ చెవులు సరిగా వినిపించవు, ఈ వయసులో అయితే రెండు చెవులకూ వినికిడి యంత్రాలు పెట్టుకుంటే తప్ప ఎదుటి మనిషి మాట కూడా అందదు. ఆ యంత్రాల్లో ఉన్న సుఖం ఏమిటంటే, ఫోనుతో జత కుదిరితే అవతలివాళ్ళ గొంతు నేరుగా ఆమె చెవుల్లోకే వెళుతుంది. ఆ ఏర్పాటు పుణ్యమా అని కొన్నేళ్ళుగా రోజూ సాయంత్రం కాఫీ వేళకు అక్క నాకు ఫోన్ చేయడం, వండిన కూర దగ్గర్నుంచి మోకాళ్ళ నొప్పుల దాకా ఇద్దరం చెప్పుకోవడం జరిగేది. పెద్ద విషయాలేమీ కావు, కానీ ఆ కాసేపు లేకపోతే ఆ రోజు గడిచినట్టే ఉండేది కాదు మా ఇద్దరికీ.

మొన్న వేసవిలో ఆ యంత్రాల కంపెనీవాళ్ళ యాప్ తనంతట తానే కొత్తదైపోయి, మీ ఫోన్ సాఫ్ట్‌వేర్ పాతబడింది, అది అప్‌డేట్ అయితేగాని నేను జత కలవనని మొండికేసింది. ఫోన్ కంపెనీవాళ్ళను అడిగితే అప్‌డేట్ త్వరలో వస్తుందన్నారు. వేసవి పోయింది, వానలు పోయాయి, ఇప్పుడు పెట్టెల్లోంచి స్వెట్టర్లు కూడా తీశాం, ఆ త్వరలో మాత్రం ఇంకా రాలేదు. యంత్రాలు చెవిలో ఉండగా ఫోను దగ్గర పెట్టుకుంటే కీచుమంటాయి, తీసేసి పెట్టుకుంటే నా మాట ఈగ మూలిగినట్టు ఉంటుందట. మెసేజీలు పెట్టుకోవచ్చుగా అని సలహా చెప్పే మహానుభావులున్నారు. కంట్లో పొరలున్న మనిషిని ఆ చీమల బారు చదువుకోమనడం ఏం న్యాయమో వాళ్ళే చెప్పాలి.

ఆ డొల్ల ముక్క చేతిలో పట్టుకుని నిలబడ్డవేళ, అదే అబిడ్స్ రోడ్డుకు అవతలి పక్కన ఒకప్పుడు ఉండిన రేడియో దుకాణం గుర్తుకొచ్చింది.

మా నాన్న రాష్ట్రం ఏర్పడినప్పుడు గుంటూరు వైపు నుంచి ఉద్యోగంతో పాటు హైదరాబాదు వచ్చి, నాంపల్లిలో రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నారు. ఇక్కడ అద్దెను కిరాయి అంటారనీ, ఆసుపత్రిని దవాఖాన అంటారనీ అమ్మ నేర్చుకునేలోపే దవాఖానకు పరుగెత్తవలసి వచ్చింది, అక్కకు టైఫాయిడ్ వచ్చి. జ్వరమైతే తగ్గింది గాని పోతూ పోతూ అక్క వినికిడిలో ముప్పాతిక వంతు పట్టుకుపోయింది. బడిలో పిల్లలు వెక్కిరిస్తే, తను అన్నదానికీ ఎదుటివాళ్ళు అన్నదానికీ పొంతన కుదరక నవ్వులపాలైతే, అక్క మెల్లగా మాట్లాడడమే మానుకుంది. ఏదైనా కావాలంటే వేలు చూపించేది. పిల్ల మూగదైపోతుందేమోనని అమ్మకు ఒకటే బెంగ. అప్పుడు నాన్న రేడియో కొంటానన్నారు. వినపడని పిల్లకు రేడియో ఏమిటని చుట్టాలు మా ఇంట్లోనే కూర్చుని, మా కాఫీ తాగుతూ నవ్వారు.

నాన్న ఒక వస్తువు కొనడమంటే అదొక తంతు. మొదటి ఆదివారం దుకాణం బయట నిలబడి అద్దంలోంచి చూసి రావడమే. మరో ఆదివారం లోపలికి వెళ్ళి అడగవలసినవన్నీ అడిగి, ఆలోచించుకుంటామని చెప్పి రావడం. ఆ తర్వాతి వారం ఆ దుకాణంలోనే ఆ వస్తువు కొన్నవాళ్ళ ఇల్లు ఎక్కడుందో కనుక్కుని, వాళ్ళింటికి వెళ్ళి, మంచినీళ్ళు తాగి, అది ఎలా పనిచేస్తోందో విచారించి రావడం. నాంపల్లి నుంచి అబిడ్స్‌కు నాన్న ముందు నడిచేవారు, వెనక మేమిద్దరం చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచేవాళ్ళం. తిరిగి వచ్చేటప్పుడు ఇరానీ హోటల్లో నాన్న టీ తాగితే మాకు చెరో బిస్కెట్టు దక్కేది కాబట్టి, రేడియో ఎంత ఆలస్యంగా కొంటే అంత మంచిదని నేను లోలోపల కోరుకునేదాన్ని.

ఆ దుకాణం ఆయన పాత హైదరాబాదు కుటుంబీకుడు, మెత్తటి మనిషి. మేం ఎన్నిసార్లు ఉత్త చేతులతో తిరిగి వెళ్ళినా విసుక్కున్న పాపాన పోలేదు. నాన్న ఒక్కొక్క సెట్టూ పెట్టించి, అక్కను దాని పక్కకు చెవి ఆనించి వినమనేవారు. చుట్టూ జనం చూస్తున్నారని అక్క సిగ్గుపడి వెనక్కి లాగితే, ఆయనే కౌంటరు దాటి వచ్చి, వంగి, అక్క చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా, "సిగ్గెందుకు బిడ్డా, అన్నీ ఇని చూడు. నీకు ఏది ఇనొస్తే గదే ఇస్త మీ నాయినకు," అన్నాడు. చివరికి ఒక పెద్ద చెక్క పెట్టె రేడియో దగ్గర, దాని పక్కకు చెంప ఆనించిన అక్క అలాగే ఉండిపోయింది. ఆ చెక్క అదిరితే ఆ అదురు చెంప ఎముకలోంచి లోపలికి పోయేది కాబోలు. ఎన్నో నెలల తర్వాత అక్క నోట పూర్తి వాక్యం ఒకటి వచ్చింది, "ఎవరో ఆవిడ మాట్లాడుతోంది నాన్నా," అని. నాన్న ధర అడగడం కూడా మరిచిపోయారు.

అంత జరిగినా నాన్న తంతు నాన్నదే. ఇక్కడ వినిపించింది సరే, మా ఇంట్లో వినిపిస్తుందా అని సందేహం వెలిబుచ్చారు. ఇంకొకరైతే ఏమనేవారో గాని ఆ దుకాణం ఆయన, "ఇంటికి తీస్కపోండ్రి సారూ, వారం దినాలు ఉంచుకోండ్రి. బిడ్డకు ఇనరాకుంటె వాపస్ తెండ్రి, ఫికర్ లేదు," అని తనే రిక్షా పిలిచాడు. మర్నాడు మనిషిని వెంటపెట్టుకుని వచ్చి డాబా మీద ఏరియల్ తీగ కట్టించి, అక్క చెంప ఆనించి వినేదాకా ఉండి వెళ్ళాడు. ఆ రేడియో మళ్ళీ వెనక్కి పోలేదు. తర్వాత ఒకసారి లోపల వాల్వు పోయి బాగుచేతకు ఇస్తే, మాది తయారయ్యేదాకా తన దుకాణంలోది ఒకటి ఇచ్చి పంపించాడు, బిడ్డకు పాటలు బంద్ కావద్దని.

ఇక అక్క సంగతి. చెంప ఆనించి వింటూ వింటూ రేడియోకు జవాబులు చెప్పడం మొదలుపెట్టింది. వార్తలావిడ నమస్కారం అంటే, నమస్కారమండీ అనేది. వంటలావిడ వంకాయ కూరలో అల్లం వెయ్యమంటే, మా ఇంట్లో వెయ్యమండీ అనేది. వాళ్ళు ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోటల్లా అందుకుని తన మాట తను చెప్పేది. దానికి వినిపించదే పిచ్చిమొహమా అని నేను పడీ పడీ నవ్వితే, "వినిపించకపోతే ఏం, చెప్పడం మర్యాద కదుటే," అనేది. అలా ఆ చెక్కపెట్టెతో కబుర్లాడి కబుర్లాడి అక్క మాట తిరిగి వచ్చింది, బడికి వెళ్ళి ఎవరైనా వెక్కిరిస్తే తిరిగి నాలుగు అంటించేదాకా వచ్చింది. అమ్మ ఆ రేడియోకు శుక్రవారం శుక్రవారం పసుపూ కుంకుమా పెట్టేది.

నేను గన్‌ఫౌండ్రీలో బ్యాంకు ఉద్యోగం చేసినంత కాలం రోజూ ఆ దుకాణం ముందు నుంచే నడిచి వెళ్ళేదాన్ని. నా కళ్ళ ముందే అందులోకి టేప్ రికార్డర్లు వచ్చాయి, టీవీలు వచ్చాయి, ఆయన పోయాక అది చీరలకు జాకెట్టు గుడ్డలు అమ్మే మ్యాచింగ్ సెంటర్ అయిపోయింది.

అక్కకు ఈ ఫోను కొన్నప్పుడు మేమిద్దరం అచ్చంగా నాన్న పద్ధతిలోనే కొన్నాం. మూడు నాలుగుసార్లు తిరిగాం. అమ్మేవాడు కెమెరా గురించి ఊదరగొడుతూంటే మేం వాడి మాట వినకుండా దాని వీపు తడిమాం, అంచులు తడిమాం, కొట్టి చూశాం. లోహపు ఒళ్ళు, చేతిలో పెట్టుకుంటే పచ్చడి బండంత దిట్టంగా ఉంది. ఇది మన తర్వాత కూడా ఉంటుందే అని అక్క మురిసిపోయింది. మురిసిపోయినట్టే, వంటింటి గచ్చు మీద ఎన్నిసార్లు పడ్డా దానికి చొట్ట లేదు, గీత లేదు. కానీ దాని ప్రాణం దాని ఒంట్లో లేదనీ, ఎక్కడో కూర్చున్న కంపెనీవాడి చేతిలో ఉందనీ, వాడికి బుద్ధి పుట్టినప్పుడు పంపితే ఉంటుంది, లేకపోతే లేదనీ వేలి కణుపుకు ఎలా తెలుస్తుంది? అమ్మేదాకా మీరే మా కుటుంబం అంటారు, అమ్మాక మనం ఉన్నామో పోయామో పట్టించుకునే నాథుడుండడు. ఫోన్ చేస్తే మనిషి పలకడు, ఒకటి నొక్కు రెండు నొక్కు అంటుంది మర. మనిషి దొరికితే ఆ మనిషీ మరలాగే త్వరలో అంటాడు. చీ, ఏం వ్యాపారమండీ ఇది.

పోయిన వారం ఆ ఫోన్ల దుకాణంలో అబ్బాయి, నేను వెంట తీసుకెళ్ళిన అక్క ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, "మస్తుగ పెట్టుకున్నరు ఆంటీ, ఒక్క గీత గూడ లేదు. గానీ దీనికి ఇంక అప్‌డేట్ గిట్ల రాదనుకుంట," అన్నాడు. కంపెనీవాళ్ళు వస్తుందన్నారే అంటే, "గట్లనే అంటరు," అన్నాడు. పోనీ కొత్తవాటికైనా ఎన్నేళ్ళు వస్తాయని అడిగితే, "ఇస్తమనే అంటున్నరు నాలుగైదేండ్లు. అయినా గంతదాక ఒక్క ఫోన్ ఎవలు పెట్టుకుంటరు ఆంటీ," అని నవ్వాడు. ఈ ఫోనులో ఏ గుర్తు ఎక్కడుందో చేతికి అలవాటు కావడానికి అక్కకు ఎంత కాలం పట్టిందో ఆ అబ్బాయికేం తెలుసు. కొత్తది మా అక్క యంత్రాలతో కలుస్తుందో లేదో ఎవరూ చెప్పలేకపోతున్నారు, యంత్రాలవాళ్ళు కూడా జత పెట్టి చూస్తేగాని చెప్పలేమంటున్నారు, ఒక్క పూట ఇంటికి తీసుకెళ్ళి చూసి తెస్తాను బాబూ అన్నాను. డబ్బా సీల్ తీస్తే వాపస్ లేదన్నాడు. పోనీ ఆమెనే ఇక్కడికి తీసుకొస్తాను, ఇక్కడే పెట్టి చూద్దామన్నాను. "గీడ పెట్టినయన్నీ డమ్మీలే గద ఆంటీ," అన్నాడు, పాపం మర్యాదగానే. నేను చేతిలో ఉన్న ముక్కను దాని చోట నిలబెట్టి బయటికి వచ్చేశాను.

అటునుంచి అటే ఆటోలో కాచిగూడ వెళ్ళి, అక్క పక్కన కూర్చుని, జరిగిందంతా గట్టిగా చెప్పాను. డబ్బా తెరిస్తే తెరిచామని కొత్తది తెచ్చి చూద్దామన్నాను, ఆమె కొడుకు కూడా ఎప్పటినుంచో అదే అంటున్నాడు. అక్క తన ఫోను చీర చెంగుతో తుడుచుకుంటూ, "ఎందుకే, ఇది నిక్షేపంలా ఉంటేనూ. వాళ్ళు వస్తుందన్నారుగా. అన్నాక పంపిస్తారులే, కాస్త ఆలస్యమైనా," అంది. ఆమె మనసులో కంపెనీవాడంటే ఇప్పటికీ ఆ రేడియో దుకాణం ఆయనే, మాట అంటే ఆయన అన్న మాటే. ఆ నమ్మకం చూసి నాకు ఆమె మీద కోపం రాలేదు, ఇలాంటి మనిషికి త్వరలో అని చెప్పి నెలల తరబడి కూర్చోబెట్టిన వాళ్ళ మీద మాత్రం అసహ్యం వేసింది. రేడియో మన మాట వినదని ముందే తెలిసి కొన్నాం, అది ఇస్తానన్నది చివరిదాకా ఇచ్చింది. ఈ ఫోను ఇద్దరి మాటా ఇద్దరికీ వినిపిస్తానని ఇంటికొచ్చి, ఒంటి మీద గీత పడకుండానే మధ్యలో తప్పుకుంది. వస్తువులు మారినందుకు నాకు విచారం లేదు గాని, బిడ్డకు వినిపించిందా లేదా అని ఉండి చూసి వెళ్ళే మనిషి ఆ వస్తువుల వెనక ఎవరూ లేకుండా పోయారే అన్నదే నా బాధ.

ఇంతా జరిగి, అక్క ఫోన్ చేయడం మాత్రం మానలేదు. కాఫీ వేళకు నా ఫోను మోగుతుంది. నేను ఎత్తినట్టు తెర మీద చూసుకుని, "ఏమే, కాఫీ తాగావా," అంటుంది. నేను తాగానని చెప్పేటంత సేపు ఆగి, "ఆఁ, మేమూ తాగాం," అని అందుకుంటుంది. నా మాట ఒక్కటీ తనకు చేరదని ఆమెకు తెలుసు, అయినా నేను ఎక్కడెక్కడ మాట్లాడతానో అక్కడక్కడ నాకోసం ఖాళీ వదిలిపెడుతుంది, ఆ ఖాళీల్లో నేను జవాబు చెబుతాను. నిన్న వంకాయ కూర సంగతి చెప్పింది, కోడలు అందులో అల్లం వేసిందట. మనింట్లో వెయ్యం కదుటే, అన్నాను. నా జవాబుకు వదిలిన ఖాళీ అయిపోగానే అక్క, "సరే, ఉంటాను మరి," అంది. ఉండవే ఇంకాసేపు, అన్నాను. అక్క ఫోన్ పెట్టేసింది.