రెండు బడుల్లో నా పేరు

ఈ ఉదయం మా ఊరి బడి వరండాలో ఎవరో చింతపండు ఆరబోశారు. గేటుకు తాళం ఉంది కానీ పక్కగోడ సగం కూలింది కాబట్టి ఎవరైనా లోపలికి వెళ్ళొచ్చు. గోడ మీద ఏడో ఎక్కం ఇంకా కనిపిస్తోంది... ఏడు ఆర్ల దాకా. ఆ కింద సున్నం రాలిపోయింది.

మా చిన్నప్పుడు ఆ ఎక్కాలను చిన్నపిల్లల చేత వల్లె వేయించింది పైడమ్మ. మాస్టారు కాదు... పైడమ్మ. ఐదో తరగతి పిల్ల. చేతిలో కందిపుల్ల ఉండేది, కొట్టడానికి కాదు, అంకె చూపించడానికి.

ఐదు తరగతులకూ ఒక్కరే మాస్టారు. ఓటర్ల జాబితా, మరుగుదొడ్ల సర్వే, ఎప్పటికీ పూర్తికాని రికార్డులు... ఆయనకు పాఠం తప్ప అన్ని పనులూ ఉండేవి. అందుకని పెద్ద తరగతి పిల్లలు చిన్న తరగతులకు చెప్పాలి. అదే ఆ బడి పద్ధతి. పెద్ద తరగతికి ఎవరు చెప్పాలన్నది మాత్రం ఆ పద్ధతిలో లేదు.

నేను ఆ బడిలో చదవలేదు. ఆటోలో రాజాం వెళ్ళి కాన్వెంట్‌లో చదివేదాన్ని. పేరు మాత్రం ఊరి బడి హాజరుపట్టీలో కూడా ఉండేది. పిల్లలు తగ్గితే బడి ఎత్తేస్తారన్న భయంతో, కాన్వెంట్‌కు వెళ్ళే మా ఏడుగురి పేర్లూ తీసేయకుండా ఉంచారు. మేం రోజూ రెండు చోట్ల హాజరు.

సాయంత్రాలు పైడమ్మ నా లెక్కల పుస్తకం కోసం మా అరుగు మీదకు వచ్చేది. ఆ ఏడాది గురుకులం పరీక్ష రాసి సీటు తెచ్చుకోవాలని దాని పట్టుదల. భాగహారం దగ్గర ఆగిపోయేది. నాకు వివరించడం చేతకాదు. చేసి చూపించేదాన్ని, అంతే.

"నాను అందరికీ సెప్తన్నాను. మరి నాకెవులు సెప్తారే?" అనేది.

ఒకరోజు వస్తూనే చెప్పింది. "ఆపీసరు వస్తాడట. ఇంకో మాస్టార్ని ఎయ్యమని అడిగేస్తాను. ఏటంతావు?"

"దెబ్బలు పడతాయే..."

"పడనీ. ఒక్క దెబ్బకి ఒక మాస్టారొస్తే లాభమే కదే!"

రెండు రోజులు నా ముందు నిలబడి ఆ మాట అప్పజెప్పింది. నేను ఆఫీసరులా కుర్చీలో కూర్చుని వినేదాన్ని.

తనిఖీ రోజు నన్ను కాన్వెంట్‌కు పంపలేదు. అమ్మ నా తెల్ల రిబ్బన్లు విప్పేసి, నూనె రాసి, ఒంటిజడ వేసింది. బూట్లు వద్దంది. ఊరి బడిలో నన్ను మొదటి వరుసలో కూర్చోబెట్టారు. పైడమ్మను వెనక, ఒకటో తరగతి వాళ్ళ మధ్య. నా కాళ్ళ మీద సాక్సుల గీతలు ఇంకా పోలేదు... లంగా కిందకు లాక్కున్నాను.

ఆఫీసరు ఇంగ్లీషు వాచకం తెరిచి "ఎవరు చదువుతారు?" అన్నారు. మాస్టారు నా వైపు చూశారు. లేచాను. ఎక్కడా తడబడకుండా పేజీ మొత్తం చదివాను.

"ఒక్క టీచరుతో ఇంత బాగా నడుపుతున్నారే!" అని ఆఫీసరు మాస్టారి భుజం తట్టారు.

అప్పుడు వెనక నుంచి పైడమ్మ లేచింది.

"సార్... మాకు లెక్కలు సెప్పీవోలు నేరు సార్. ఇంకో మాస్టార్ని ఎయ్యండి సార్."

ఆయనకు కోపం రాలేదు. నవ్వారు. నన్ను చూపించి అన్నారు. "అదే బడి, అదే మాస్టారు. ఆ అమ్మాయికి వచ్చింది కదమ్మా... నీకెందుకు రాలేదు?"

అందరూ నవ్వారు. పైడమ్మ దగ్గర అక్షరాలు దిద్దిన ఒకటో తరగతి పిల్లలు కూడా.

పైడమ్మ నా వైపు చూసింది. నాది ఈ బడి కాదని ఒక్క మాట అంటే చాలు. కావాలంటే ఇంగ్లీషులో కూడా అనగలను. పుస్తకం మూసి కూర్చున్నాను.

బయటికొచ్చాక ఒకటే అడిగింది. "నీ నోట్లో ఏటున్నాదే, బెల్లమా?"

మళ్ళీ మా అరుగు ఎక్కలేదు. ఇంకో మాస్టారు రాలేదు... అంత బాగా నడుస్తున్న బడికి ఎందుకు వేస్తారు? పరీక్షకు వెళ్ళింది కానీ భాగహారాలన్నీ వదిలేసి వచ్చిందని వాళ్ళమ్మ చెప్పింది. సీటు రాలేదు. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది.

ఇప్పుడు హాజరుపట్టీలో ఉంచడానికి కూడా పేర్లు లేవు. బడిని పక్క ఊరి బడిలో కలిపేశారు. ఈ ఉదయం ఆ గేటు ముందే పైడమ్మ తన కూతురి టై సరిచేస్తూ కాన్వెంట్ బస్సు కోసం నిలబడి ఉంది.

"ఏటే, ఎప్పుడొచ్చినావు? సదువుకున్నదానివి, నువ్వు సెప్పు. ఈ కాన్వెంటు మంచిదేనా, ఇంకోటి సూడాలా?"

"మంచిదే" అన్నాను. నాకు తెలియదు.

"లెక్కలు సెప్పమంతాదే ఇది, ఇంటికాడ. నాకేటొచ్చని?" అని నవ్వింది. బస్సు వచ్చింది. పిల్ల ఎక్కింది. ఒకప్పుడు బడి మొత్తానికి చదువు చెప్పిన మనిషి బస్సు కిటికీ వైపు చెయ్యి ఊపుతూ నిలబడింది.

మీలో ఎవరైనా ఇలా రెండు హాజరుపట్టీల్లో పెరిగారా? మీరు నోరు మెదపని రోజున వెనక నుంచి లేచి నిలబడిన పిల్ల ఉంటే... కింద ఆమె పేరు రాయండి. మీ పేరు అక్కర్లేదు.

ఆ మాస్టారు మా నాన్న.