దుమ్ము కడిగిన గూడ్సు డబ్బా

దసరా పండుగ, గురువారం, పొద్దున పది గంటల ఇరవై నిమిషాలు. టైము ఇంత పక్కాగ ఎట్ల చెప్తున్ననంటే, సకల జనుల సమ్మెల బొగ్గు ఆగిపోయి కరెంటు వంతులవారీగ పోతుండె. మా కొత్తగూడకు పదిన్నరకు పోవాలె. ఆ రోజు ముందే పోయింది. ఫ్యాను ఆగేసరికి నేను గోడ గడియారం దిక్కు చూసిన. గడియారం మీదికెల్లి చూపు తిప్పితే కిటికీల నల్లా కనపడ్డది, నల్లా కాడ మా వదిన కనపడ్డది, వదిన చేతిల మా అన్న కోసం చేసిన గూడ్సు డబ్బా కనపడ్డది. అది సబ్బు నురుగుల మునిగి ఉన్నది.

డబ్బా అంటే పట్టాల మీద తిరిగేది కాదు. జానెడు పొడుగుంటది, ప్లాస్టిక్‌ది. దాని సంగతి చెప్పాల్నంటే ముందుగాల మా సంగతి చెప్పాలె.

మా అన్న, నేను గూడ్స్ షెడ్డుల హమాలీలం. డబ్బాలకెల్లి సిమెంటు బస్తాలు దింపుడే పని. వయసంతా అండ్లనే పోయింది. నాకు అక్షరం ముక్క రాకుండె. అరవై దాటినంక మనుమరాలి పలక మీద దిద్దుకున్న. మా అన్న అదిగూడ చెయ్యలేదు. ఖాళీ చేసిన డబ్బా తలుపు మీద సుద్దముక్కతోటి సున్న గీసి, అడ్డంగ ఒక గీత కొట్టెటోడు. అది ఆయన సంతకం. ఇది నేను దింపిన డబ్బా అని దానికి అర్థం.

ఆ ఏడు మా అన్నకు ఊపిరి ఆడుతలేదు. దవాఖానల ఫొటో తీసి, లోపల గట్టిపడ్డది, ఇగ ఇంట్లనే ఉంచుకోండ్రి అన్నరు. సిమెంటు పోయి పోయి ఛాతిల కూసున్నది. ఆ మాట డాక్టరు వేరే తీరుగ చెప్పిండు గని మాకు అర్థమైంది అదే.

మంచం పట్టినంక మా అన్న ఒక్కటే అడిగిండు. "నన్నొక్కసారి షెడ్డుకు తీస్కపోరా. డబ్బా చూసొస్త."

"డబ్బాల ఏముందన్నా చూసేటందుకు?"

"నీకెందుకు? తీస్కపోతవా, పోవా?"

బస్సులు బంద్, ఆటోలు బంద్. మేడ మీద కిరాయికుండే సారు తన కార్ల తీస్కపోత అన్నడు. ఆ సారుది కడప దిక్కు. ఐటీ కంపెనీల నౌకరీ. సమ్మె మొదలైనంక పెండ్లాన్ని, బిడ్డను ఊరికి పంపించి ఒక్కడే ఉంటుండె. మంచం పట్టకముందు మా అన్నకు, ఆ సారుకు మెట్ల కాడ రోజూ మాటల లడాయి నడిచేది.

"ఏమయ్యా ఆంధ్రోడా, ఎప్పుడు పోతవు మీ ఊరికి?"

"నాది ఆంధ్రా కాదు పెద్దయ్యా, సీమ."

"సీమైతే ఏంది, సీమచింతకాయైతే ఏంది? తెలంగాణ ఇస్తరా, ఇయ్యరా? అది చెప్పు."

"నా జేబులో ఉంటే ఈపాటికి ఇచ్చేసి ఉంటి కదా. నువ్వు అడిగితే కాదంటానా?"

గట్లాంటి మనిషి కారెక్కుమంటే ముందుగాల ఎక్కనన్నడు. ఆఖరికి ఎక్కిండు. పోతే షెడ్డు గేటుకు తాళమున్నది. రైలు రోకోలకు లైన్లన్నీ ఖాళీ. ఒక్క డబ్బా లేదు. మా అన్న కార్ల కూసునే ఆ ఖాళీ పట్టాల దిక్కు చాలాసేపు చూసిండు. "బంద్ మంచిగ జేసిండ్రు మనోళ్ళు," అన్నడు. సంబురంగ అన్నడో, దుఃఖంగ అన్నడో నాకు తెల్వదు.

ఆ మాపటికి సారు నన్ను మేడ మీదికి పిలిచి తన గది చూపెట్టిండు. గదంతా చిన్న రైలు. పట్టాలు, స్టేషను, గూడ్సు డబ్బాలు. ఆ మనిషికి అదొక పిచ్చి. కొత్త డబ్బాలు కొనుక్కొచ్చి వాటికి తుప్పు పట్టిస్తడు.

"పైసలు పెట్టి కొత్తది తెచ్చి పాతది చేస్తున్నవా సారూ? జర దిమాకున్నదా?"

"కొత్తగా ఉంటే అది బొమ్మ పెద్దాయనా. మాసితేనే బండి." తర్వాత మెల్లగ అన్నడు, "మీ అన్నకు ఒకటి చేస్తా. మీరు షెడ్డులో చూసిందాన్ని, అట్లనే."

గట్ల మొదలైంది. ఆఫీసు బంద్ ఉన్న దినాలల్ల పగలంతా అదే పని. నేను పక్కన కూసునేటోన్ని. డబ్బాకు ముందు తుప్పు రంగు పూసిండు. అది తడిపి, మీద దొడ్డుప్పు చల్లిండు. ఆ ఉప్పు మీదికెల్లి అసలు రంగు కొట్టిండు. ఆరినంక పండ్లు తోముకునే పాత బ్రష్షుతోటి ఉప్పు రాలగొడితే, రాలిన కాడల్ల కింది తుప్పు పెచ్చులు పెచ్చులుగ బయటపడ్డది. నేను చెయ్యిపెట్టి చూసిన. నున్నగనే ఉన్నది, కంటికి మాత్రం గరుకు.

రంగు కాడ నేను మోసపోయిన. నల్లగుంటుండె అని చెప్పిన. సారు ఏదో ఫొటో చూపెట్టి కాదన్నడు. నేను ఒట్టేసిన. కింద మంచంలకెల్లి మా అన్న అరిచిండు: "నల్లగుండేది బొగ్గు డబ్బారా! మనది కాలిన ఇటుక రంగు. ఏం చూసినవురా ఇన్నేండ్లు?" అరిచినందుకు దగ్గు వచ్చి ఎంతకూ ఆగలేదు.

అప్పటిసంది సారు రోజూ సాయంత్రం డబ్బాను పీట మీద పెట్టుకొని కిందికి తెచ్చి మా అన్నకు చూపెట్టేది. మా అన్న మేస్త్రీ లెక్క వంకలు పెట్టేది. తలుపు కింది అంచు మా భుజాలు, బస్తాలు రాసుకొని మెరుస్తుండాలె అన్నడు. సారు పెన్సిలు ముల్లు పొడి వేలికి అద్దుకొని రుద్దితే ఆ మెరుపు వచ్చింది. వాన నీళ్ళు దూరిన సందులల్ల సిమెంటు గడ్డకట్టి ఉండాలె అన్నడు. సారు ముఖానికి రాసుకునే పౌడరు అద్దుకొచ్చిండు.

"ఏందిది? పెండ్లిపిల్లకు పూసినట్టు. సిమెంటు గింత తెల్లగుంటదా?"

"మరి ఎట్లుంటాది పెద్దయ్యా?"

"చచ్చిపోయినోని ముఖంలెక్కుంటది."

సారు పౌడర్ల ఊదుబత్తి బూడిద కలిపిండు. అది చూసినంక మా అన్న సరే అన్నడు. ఆఖరుకు తలుపు మీద సుద్దతోటి, సున్న గీసి అడ్డగీత. అది మా అన్న చెప్తుంటే సారు గీసిండు.

ఆ దినాలల్లనే మా అన్న "ఆంధ్రోడా" అనుడు బందుపెట్టిండు. సాయంత్రమైతే, "సారు ఇంక దిగలేదా?" అని వదినను అడిగేది. అన్నం రెండు బుక్కల కంటె ఎక్కువ పోకపోయేది గని, డబ్బా రాంగనే దిండు మీదికి జరిగి కూసునేది.

దసరాకు ముందటి రోజు పనైపోయింది. ఒక్కటే మిగిలింది. దుమ్ము ఊడకుండ మీద రంగులేని పూత ఒకటి కొట్టాలె. ఆ పూత అమ్మే దుకాణం బంద్. సారు, "ఎవరూ ముట్టుకోవద్దండి, చెయ్యి తగిలినా పోతాది," అని మాకు చెప్పి, పండుగనాడు పొద్దున దాన్ని ఎండకు పిట్టగోడ మీద పెట్టిండు. వదిన అప్పుడు బంతిపూల కోసం పోయి వస్తున్నదో, పక్కింట్ల ఉన్నదో, ఆ మాట ఆమె చెవిల పడలేదు. సాయంత్రాలు డబ్బా కిందికి దిగే యాళ్లకు ఆమె పొయ్యి కాడనే ఉండేది, దానికి ఏం పూస్తున్నరో చూసింది లేదు.

మా ఇంట్ల దసరానాడు ఆయుధపూజ. పనిముట్లన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టాలె. వదిన మా అన్న బస్తాలు గుంజే కొక్కెం కడిగింది. కత్తిపీట కడిగింది, కుట్టుమిషను తుడిచింది, సారు కారు మీద గూడ ఒక బకెటు గుమ్మరించింది. పిట్టగోడ మీద డబ్బా కనపడ్డది. బండి గద. తెచ్చి నల్లా కింద పెట్టి, కొబ్బరిపీచుతోటి తోమింది.

నేను ఉరికిన. "వదినా! ఏం జేస్తున్నవ్?"

"కనపడ్తలేదా? గింత దుమ్మున్నది, పూజల ఎట్ల పెడతం?"

"అది దుమ్ము గాదు! దుమ్మే గని... సారు కావాల్నని పెట్టిండు!"

"కావాల్నని ఎవరన్న దుమ్ము పెడతరా?" అన్నది. నా ముఖం చూసి చెయ్యి ఆగింది. "పెండ్లయిన కాంచి మీ అన్న బట్టల సిమెంటు ఉతుకుతనే ఉన్న. అది కనపడితే నా చెయ్యి ఊకుంటదా?"

సారు మెట్లు దిగి వచ్చిండు. వదిన చేతులకెల్లి డబ్బా తీసుకొని వంచితే తలుపుల నుంచి నీళ్ళు కారినయి. తుప్పు పెచ్చులు సుత ఊడినయి. సుద్ద గుర్తు లేదు. ఆ మనిషి వదినను ఒక్క మాట అనలేదు. "మళ్ళా చేస్తా. పది దినాలు పడతాది," అన్నడు నాతోని. పది దినాలు మా అన్న దగ్గర లేవు. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

లోపలికెల్లి మా అన్న గొంతు. "ఏందా లొల్లి? తేండ్రి ఇటు."

తీస్కపోయినం. వేరే తొవ్వ లేదు. సారు డబ్బాను ఆయన చేతుల పెట్టిండు. మా అన్న అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. తలుపు సందుల వేలు పెట్టి తిప్పి, బయటకు తీసి ఆ వేలు చూసుకున్నడు.

"వేలికి ఏం అంటలేదు," అన్నడు.

ఫ్యాను లేక ఆ అర్రల ఆయన ఊపిరి ఒక్కటే వినపడుతుండె.

"ఇన్నేండ్లు చేసిన. కడిగిన డబ్బా ఒక్కటి చూడలేదు. ఒక్కటంటే ఒక్కటి రాలేదు షెడ్డుకు." జర ఆగి, ఊపిరి తీసుకొని, "గిట్లాంటి దాంట్ల పని చేస్తే నేను బతుకుదును," అన్నడు.

ఏడ్వలేదు. ఎవరి మీద కోపం చెయ్యలేదు. బజారుల ఉల్లిగడ్డ ధర చెప్పినట్టు చెప్పిండు. ఏడ్చింది వదిన, కొంగు నోట్ల కుక్కుకొని.

సారుకు ఏం చెయ్యాల్నో తెల్వక జేబులకెల్లి సుద్దముక్క తీసిండు. "మీ గుర్తు మీరే పెట్టండి పెద్దయ్యా. మీ చేత్తోనే."

మా అన్న ఆ సుద్ద దిక్కు చూసి తల అడ్డంగ ఊపిండు. "వద్దు సారూ. నేను దింపింది కాదు గద ఇది."

మళ్ళ రంగు వేయనియ్యలేదు. వదిన కొక్కెం పక్కన పెట్టి దానికి గూడ పసుపు కుంకుమ పెట్టింది. సమ్మె ఒడవకముందే మా అన్న పోయిండు. ఆయన డబ్బా చూస్త అన్నది ప్రేమతోటి అనుకున్న నేను. తనను తిన్నదాని ముఖం ఒక్కసారి నిమ్మలంగ చూద్దామని అడిగిండేమో అని ఇప్పుడనిపిస్తది. అడుగుదామంటే మనిషి లేడు.

సారు ఇల్లు మారేటప్పుడు, దాన్ని ఇయ్యండి, మళ్ళా చేసి తెస్తా అన్నడు. నేనియ్యలేదు. అది మా గూట్లనే ఉన్నది. బయట ఫ్లైఓవర్ కోసం తవ్విన దుమ్ము వచ్చి దాని మీద పడుతది. వదిన పొద్దున్నే తుడుస్తది.

ఆ దసరానాడు అర్రల ఉన్నోళ్ళు: మంచం మీద మా అన్న. కాళ్ళ కాడ తడి చేతులతోటి మా వదిన. తలాపు దిక్కు సుద్దముక్క పట్టుకొని కడప సారు. గడప మీద నేను. అంతే, ఇంకెవ్వరు లేరు.