ఓదోంగ్ కర్ర

సియోల్ చుంగ్మురో వీధిలో సినిమా ఆఫీసుల ముందు పడిగాపులు కాసేవాళ్లలో నామ్ గిథేక్ ఒకడు. సొంతూరు యేచోన్. అక్కడ పేరున్న వంశానికి పెద్దకొడుకు, తాతముత్తాతల తద్దినాలు పెట్టాల్సినవాడు. సియోల్లో మాత్రం గుంపులో గోవింద. సిపాయి, తాగుబోతు, శవం, ఏ వేషమిచ్చినా కాదనేవాడు కాదు.

చాన్నాళ్లకి మాటలున్న వేషం ఒకటి దొరికింది. తండ్రి పోతే పట్నం నుంచి పరుగెత్తుకొచ్చే కొడుకు. నారబట్టలు కట్టి, చేతికర్ర మీద వంగి ఏడవాలి. తీరా చూస్తే సామాన్లవాడు ఓదోంగ్ చెట్టు కర్ర తెచ్చాడు. తండ్రి పోతే కొడుకు చేతిలో వెదురు కర్ర, తల్లి పోతే ఓదోంగ్ కర్ర. గిథేక్ ఇంట్లో ఇది చంటిపిల్లలకి కూడా తెలుసు.

దర్శకుడు అతన్నే అడిగాడు. "ఏమయ్యా, పెద్దింటివాడివి కదా, ఈ కర్ర పనికొస్తుందా?"

వెదురు కావాలంటే ఆ పూట పని ఆగుతుంది. ఆ కోపంలో వేషం ఇంకొకడికి పోతుంది. ఆ ఇంకొకడు గుమ్మంలోనే కాచుక్కూర్చున్నాడు.

"పనికొస్తుంది సార్," అన్నాడు గిథేక్. తర్వాత దీపాలు పట్టుకున్నవాళ్లు సైతం కళ్లు తుడుచుకునేలా ఏడ్చాడు.

ఆ సినిమా యేచోన్ సంత పక్క హాలుకి వచ్చింది. సినిమా అంటేనే మండిపడే తండ్రిని, "మీవాడు ఆచారం నిలబెట్టాడట, రావయ్యా," అంటూ వంశపు పెద్దలు లాక్కెళ్లారు. మెచ్చుకుంటారన్న ఆశతో గిథేక్ ఆ వారమే ఇంటికెళ్లాడు.

తండ్రి తలెత్తలేదు. "మీ అమ్మ వంటింట్లో నిక్షేపంలా ఉంది. చచ్చింది నాన్న, పట్టుకుంది అమ్మ కర్ర. ఇద్దర్నీ ఒక్క దెబ్బకే సాగనంపావు కదరా!"

"సామాన్లవాడు తెచ్చాడు, నాన్నగారూ."

"నిన్నెవరూ అడగలేదా?"

గిథేక్ మోకరిల్లి నేలకు తల ఆనించాడు. తండ్రికి జవాబు అందింది.

"తెలియనివాడు చేస్తే నవ్వుకునేవాణ్ని. నా చావుకి నువ్వు రాకు. నీ తమ్ముడున్నాడు."

గిథేక్‌కి తల కొట్టేసినట్టయింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆ సినిమా పుణ్యమా అని ఏడుపు వేషాలన్నీ అతన్నే వెతుక్కుంటూ వచ్చాయి. సిగ్గుపడుతూనే వేశాడు. చేతికి వెదురే ఇచ్చినా కర్ర వైపు చూసేవాడు కాదు.

ఏళ్లు గడిచాక తండ్రి పోయాడని తమ్ముడు గిసోక్ కబురు పంపాడు. గిథేక్ వచ్చాడు గానీ, వాకిలి బయటే ఆగిపోయాడు. గిసోక్ నారబట్టలతో బయటికొచ్చి ఒక వెదురు కర్ర చేతికిచ్చాడు.

"రా అన్నయ్యా. ఇది నీదే."

"రావద్దన్నారు కదరా."

"అన్నారు. నువ్వెళ్లిన మర్నాడే పెరట్లో వెదురు కొట్టారు. ఆరోజు తలెత్తి చూడలేదు కదా, నువ్వెంత పొడుగయ్యావో తెలియదని ఆ సినిమాకి మళ్లీ వెళ్లారు, ఒక్కరే. తెర మీద శవపేటిక పక్కన నిలబడ్డావు చూడు, దాన్నిబట్టి కొలత కట్టి చెక్కారు. అప్పట్నుంచీ అటక మీదే ఉంది."

"ఇన్నేళ్లూ ఒక్క ముక్క చెప్పలేదేంరా?"

"చెప్పనివ్వలేదు. నువ్వే వస్తావని చూశారు."

కర్ర ఆచారం చెప్పినట్టే సరిగ్గా అతని రొమ్ము దాకా వచ్చింది. పేటిక ముందు అందరూ పెద్దకొడుకు ఏడుపు ఎత్తుకుంటాడని ఎదురుచూశారు. గిథేక్ నోరు తెరిచాడు. ఏడుపు బయటికి రాలేదు.

"సినిమాలో బాగానే ఏడ్చాడే," అన్నాడు వెనక ఒక పెద్దాయన.

ఆ మాట గిథేక్ విన్నాడు. నాన్న చెక్కిన వెదురు మీద ఇంకా కిందికి వంగాడు.